అందరికీ ఒకే మూత

మా బాపు కల్లు మానేసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ పనికి వాడుకున్నది నా తలనే. అప్పుడు నేను ఐదో తరగతి. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, నన్ను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, బాపు కుడిచేయి పట్టుకొచ్చి నా నెత్తి మీద పెట్టించింది.

"ఇగ ముట్ట అను," అంది.

"ఇగ ముట్ట," అన్నాడు బాపు.

ఒట్టు తప్పితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. బిడ్డ నెత్తి మీద ఒట్టు పెట్టుకుని తప్పితే అది ఆ బిడ్డకే తగులుతుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నీ తల ఇస్తావా శ్రీలతా అని నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా నేను మాట్లాడేదాన్ని కాదు. బడిలో హాజరు పలికినా నా గొంతు మేడంకు వినపడదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటాను.

ఐదేళ్లు బాపు ముట్టలేదు. దసరా నాడు అన్నదమ్ములు సీసాలు ముందు పెట్టుకుని పిలిస్తే వాళ్ల మధ్య కూర్చుని, ఉడికించిన శనగ గుడాలు తిని, నవ్వి, లేచి వచ్చేవాడు. "ఓదెలుకు పెండ్లాం అంటే భయం," అనేవాళ్లు. "భయమే," అనేవాడు బాపు.

మాది ముస్తాబాద్ మండలంలో చిన్న ఊరు. బాపు పొద్దున్నే ఆటో ఎక్కి సిరిసిల్ల పోయి, దేవయ్య ఆసామి షెడ్డులో సాంచాలు నడుపుతాడు. సాంచా అంటే మరమగ్గం, ఆసామి అంటే వాటి యజమాని. షెడ్డులో ఇరవై నాలుగు సాంచాలు. పగటి షిఫ్టుకు ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరికి ఎనిమిది. బాపుతో పాటు ముసలి కొమురయ్య తాత, పెళ్లై ఏడాదైన నరేశ్. నూలు పీచు గాలిలో తేలుతూ ఉంటుంది. చలికాలం వస్తే ముగ్గురూ దగ్గుతారు. దగ్గుతూ వంగిన క్షణంలో ఏదో ఒక సాంచాలో పోగు తెగుతుంది, బట్ట పాడవుతుంది. అందుకని ఆసామి ప్రతి చలికాలం దగ్గు మందు పెద్ద సీసాలు తెప్పించి గూట్లో పెడతాడు. షిఫ్టు ఎక్కేటప్పుడు ఒకసారి, బువ్వ తిన్నాక ఒకసారి, నాలుగింటికి ఒకసారి తనే పోస్తాడు. కొలత తన చాయ్ ఫ్లాస్కు మూత. సెలవుల్లో బాపుకు టిఫిన్ ఇవ్వడానికి పోయినప్పుడు నేను చూశాను. ఆయనకు అదొక గొప్ప.

"నా షెడ్డుల పెద్దోడు లేడు, చిన్నోడు లేడు. అందరికి ఒకటే మూత," అనేవాడు.

ఈ నవంబరులో బాపుకు దగ్గు ఎక్కువైంది. మందు మొదలుపెట్టిన మూడో రోజు సాయంత్రం గడప తగిలి తూలుతూ లోపలికి వచ్చాడు. మాట ముద్దగా ఉంది. గోడ మీద బల్లిని చూసి నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయి, తన అరచేతులు చాలాసేపు చూసుకున్నాడు.

"నా చేతులు నాయి కానట్టు ఉన్నయే," అన్నాడు.

అమ్మ చాటలోంచి తలెత్తింది. "నోరు తెరువు."

బాపు తెరిచాడు. ఏలకుల వాసన లాంటి మందు వాసన తప్ప ఏమీ లేదు.

"కల్లు మీద మందు తాగి వాసన దాస్తున్నవా? గీ తెలివి ఎవరు నేర్పిండ్రు?"

"నేను తాగలే, రాధికా. తల తిరుగుతున్నది."

"ఐదేండ్ల కింద గూడ తలే తిరుగుతుండె."

నేను లోపలికి పోయి డైరీ తీశాను. ఆ రోజు రాసిన మాటలు తర్వాత నా నోటితోనే నలుగురిలో చదవాల్సి వస్తుందని అప్పుడు నాకు తెలియదు.

ఒకరోజు కాదు. మధ్యలో షెడ్డుకు నూలు రాక వారం బందుంటే బాపు మామూలు మనిషయ్యాడు. షెడ్డు తెరిచారు, మళ్లీ తూలాడు. నవంబరు ముప్పై, శనివారం, బడికి సెలవు. మధ్యాహ్నం ఆసామి అమ్మకు ఫోన్ చేశాడు. "వచ్చి నీ మొగన్ని తీస్కపో."

అమ్మ, నేను పోయాం. బాపు సాంచాలు ఎనిమిదీ ఆగి ఉన్నాయి. మిగతా పదహారు మోగుతుంటే మాటలు వినపడక ఆసామి వాటిని కూడా ఆపించాడు. అంటే అందరూ వినాలనే. బాపు ఒక నూలు మూట మీద కూర్చుని ఉన్నాడు.

"చూడు," అన్నాడు ఆసామి, ఒక సాంచా మీది బట్ట ఎత్తి చూపించి. అడ్డపోగు లేక నిలువు పోగులు వెంట్రుకల్లా వేలాడుతున్నాయి. "కండెల నూలు అయిపోయింది. మార్చలే. అడ్డపోగు ఏసే నాడె ఉత్తగ అటీటు ఆడుతుంటే సినిమా చూసినట్టు చూస్కుంట నిలబడ్డడు. ఇంకో సాంచాల చెయ్యి పెట్టబోయిండు, కొమురయ్య గుంజకపోతే వేళ్లు తెగిపోతుండె."

"నేను తాగలే ఆసామీ," అన్నాడు బాపు. "గా మందు తాగినంక గిట్లయితున్నది."

"నరేశ్ గీ మూతనే తాగిండు. కొమురయ్య గీ మూతనే తాగిండు. నేను గూడ తాగిన. మాకెవ్వరికి కానిది నీకే ఎందుకైతదిరా?"

నరేశ్ నవ్వాడు.

"దగ్గు మందుకు తూలితే మా అవ్వ రోజు బతుకమ్మ ఆడాలె, ఓదెలన్నా."

కొమురయ్య తాత కూడా నవ్వాడు. బాపు నా వైపు చూశాడు. "బిడ్డ మీద ఒట్టు, నేను..."

"నా బిడ్డ పేరు ఎత్తకు," అంది అమ్మ.

నేను కింద పడ్డ పోగులు చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, నేను కూడా ఆయన్ని నమ్మలేదు. ఒకే సీసా, ఒకే మూత. లెక్క సరిగ్గానే ఉన్నట్టు అనిపించింది.

బాపు పని పోయింది. ఆ వారమే నాకు దగ్గు పట్టింది. ఊళ్లో మందుల దుకాణంలో అమ్మ దగ్గు మందు కొనుక్కొచ్చింది. దుకాణం అతను ఏమీ అడగలేదు, ఆసామి గూట్లో ఉండే మందుదే చిన్న సీసా చేతిలో పెట్టాడు. పొద్దున రెండు చెంచాలు, పగలు రెండు, పడుకునే ముందు రెండు. మూడో రోజు లెక్కల క్లాసులో బోర్డు మీది అంకెలు పక్కకు జారడం మొదలుపెట్టాయి. మేడం నన్ను లేపి జవాబు చెప్పమంది. నా నాలుక దూదిలా మందంగా ఉంది. వెనక బెంచీ వాళ్లు నవ్వారు. నేల ఒక పక్కకు ఒరిగినట్టై బెంచీ పట్టుకోబోయాను, దొరకలేదు. కళ్లు తెరిచేసరికి మేడం ఒడిలో నా తల ఉంది.

ఇద్దరు అమ్మాయిలు నన్ను ఇంటికి తెచ్చారు. బాపు పరుగెత్తుకొచ్చాడు. అమ్మ నన్ను ఏం తిన్నావనీ అడగలేదు, ఏం తాగావనీ అడగలేదు. బాపు వైపు తిరిగింది.

"తగిలింది," అంది. "చూసినవా? నువ్వు తాగినవ్, దీనికి తగిలింది."

ఆ క్షణంలో ఆయనకు కూడా అనుమానం వచ్చింది. తాగని మనిషి, తాగానేమో అన్నట్టు నన్ను చూశాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరునాడు పొద్దున అమ్మ రెండు సంచులు సర్ది నన్ను తీసుకుని కోరుట్లకు బయలుదేరింది. అక్కడ మా అమ్మమ్మ మొగిలవ్వ ఉంటుంది. బాపు బస్సు దాకా సంచి మోసుకొచ్చాడు. ఆపలేదు. వేములవాడ దాటాక నేను దగ్గితే అమ్మ సంచిలోంచి సీసా తీసి మూతలో పోసి ఇచ్చింది. తాగాను. చందుర్తి దగ్గర బస్సు ఆగేసరికి కిటికీ చువ్వ పట్టుకున్న నా వేళ్లు ఎవరివో అనిపించాయి. కదిపి చూశాను. కదులుతున్నాయి, కానీ నావి కావు.

"అమ్మా, నా చేతులు నాయి కానట్టు ఉన్నయి," అన్నాను.

అని, నా మాట నేనే విన్నాను. అది బాపు మాట. ఒక్క అక్షరం తేడా లేదు.

కోరుట్ల చేరిన సాయంత్రం నుంచి మందును నోట్లో పోసుకుని పెరట్లో ఉమ్మేశాను. రెండో రోజు అంకెలు నిలబడ్డాయి. మూడో రోజు డైరీ తీసి వెనక్కి తిప్పాను. బాపు తూలిన తేదీలన్నీ ఉన్నాయి. షెడ్డు బందున్న తేదీలు కూడా ఉన్నాయి. నేను బాపు మీద కోపంతో రాసుకున్న పుస్తకం అంతా బాపు పక్షమే మాట్లాడుతోంది.

"అమ్మా, బాపు కల్లు తాగలే. గీ మందుకే నేను పడ్డ. గీ మందుకే బాపు తూలిండు."

"మీ అమ్మమ్మ గూడ గదే మందు తాగుతున్నది. ఆమె పడ్డదా?"

"నన్ను మధ్యల పెట్టకుండ్రి," అంది అమ్మమ్మ. "పిల్ల పడ్డదంటే దవాఖానకు తీస్కపోతరు గాని ఒట్టు తగిలిందని బస్సెక్కిస్తరా? నీకు తెలివి ఎప్పుడొస్తదే?"

అమ్మకు అమ్మమ్మ అంటే భయం. మరునాడు సర్కారు దవాఖానకు పోయాం. డాక్టరమ్మ అడిగితే నోరు పెగలదని నాకు తెలుసు. అందుకే ముందే ఒక కాగితం మీద రాసుకుని పోయాను. ఏ రోజు ఎన్ని చెంచాలు, ఏమైంది, బాపుకు ఏమైంది. ఆమె మొత్తం చదివి, సీసా అడిగి తీసుకుని, వెనక చిన్న అక్షరాలు చూసింది. డెక్స్‌ట్రోమెథార్ఫాన్. నేను ఆ పేరు అప్పుడే డైరీలో ఎక్కించుకున్నాను.

"మందు లోపలికి పోయినంక దాన్ని ముక్కలు చేసి బయటికి పంపే పని కాలేయానిదమ్మా," అంది అమ్మతో. "ఈ మందును అట్ల ముక్కలు చేసే గుణం ఒకటి ఒంట్ల ఉంటది. అది పుట్టుకతో వస్తది, అందరిల ఒక్కతీరు ఉండదు. చానామందికి పొద్దున తాగింది రాత్రికల్లా పోతది. కొందరికి రేపటికి గూడ ఉంటది. ఉన్నదాని మీద మళ్ల పోస్తరు. మూడో రోజుకు తాగినోని లెక్క తూలుతరు."

"మరి మా అవ్వకు ఏం కాలే."

"ఆమెకు కాదు. గందుకే ఎవ్వరు నమ్మరు."

"మీ బాపు రక్తమే వచ్చింది నీకు," అంది అమ్మ నా వైపు తిరిగి.

"ఆయనది ఒక్కటే అయితే ఇంత కాకపోతుండె," అంది డాక్టరమ్మ. "గీ గుణం తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వస్తది. రెండు నిదానమైనయి కలిస్తేనే గిట్లయితది. ఒకటి మీదే అయ్యుంటది."

అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ, ఇది ఖాయంగా తేల్చే పరీక్ష ఇక్కడ లేదని, కానీ జరిగినదాన్ని బట్టి తనకు అనుమానం లేదని చెప్పింది. చీటీ మీద నా పేరు, బాపు పేరు రాసి, ఈ మందు ఈ ఇద్దరికీ ఇవ్వకూడదని రాసి, ముద్ర వేసింది. ఫ్లాస్కు మూత సంగతి విని తల పట్టుకుంది. "అది ఎవ్వరికైనా ఎక్కువే," అంది.

మరునాడు పొద్దున సంచులు తీసుకుని తిరుగు బస్సెక్కాం. చందుర్తి దాటాక అమ్మ, "ఇంటికి గాదు, ముందుగాల షెడ్డుకే పోదాం," అంది. ఫోన్ చేసి బాపును సిరిసిల్లకు రమ్మంది.

షెడ్డు చేరేసరికి బువ్వ వేళ. సాంచాలు ఆగి ఉన్నాయి. నరేశ్, కొమురయ్య తాత టిఫిన్లు ముందు పెట్టుకుని ఉన్నారు. బాపు సాంచాలకు ఇంకా కొత్త మనిషి దొరకలేదు. బాపు గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. అమ్మ చీటీ ఇచ్చి, డాక్టరమ్మ చెప్పింది చెప్పింది. ఆసామి చీటీని దూరంగా పెట్టి చూశాడు.

"డాక్టర్లు చీటీ రాయమంటే రాస్తరు. కాలేయం నిదానమైంది, కాలు నిదానమైంది, గివన్ని ముచ్చట్లు. నలుగురం ఒకటే మూత తాగినం."

"మొన్నటి దాక నేను గూడ గట్లనే అన్న," అంది అమ్మ. "తప్పన్న."

నేను సంచిలోంచి డైరీ తీశాను.

"ఏందది?" అన్నాడు ఆసామి.

చదవడం మొదలుపెట్టాను. "నవంబరు పన్నెండు. బాపుకు దగ్గు. షెడ్డులో మందు పోస్తున్నారట. పద్నాలుగు. బాపు తూలుతూ వచ్చాడు. పదిహేడు. నూలు రాలేదని షెడ్డు బందు. పద్దెనిమిది. సాయంత్రానికి బాపు బాగున్నాడు. ఇరవై మూడు. పెదనాన్న ఇంట్లో దావతు. అందరూ తాగారు. బాపు నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని తెచ్చాడు, ఎక్కడా తూలలేదు. ఇరవై అయిదు. షెడ్డు తెరిచారు. ఇరవై ఏడు. మళ్లీ."

"పోరి పద్నాలుగు కాడ ఏందో మింగింది," అన్నాడు నరేశ్. పక్క నుంచి పేజీలోకి చూస్తున్నాడు. "ఇంక రాసున్నది."

"మొత్తం చదువు," అన్నాడు ఆసామి. "పనికొచ్చేకాడికి చదివితే ఎవలైనా చదువుతరు."

బాపు గుమ్మంలోకి వచ్చాడు. నేను ఆయన వైపు చూడలేదు.

"బాపు మళ్లీ తాగాడు," చదివాను. "నా తల అంటే ఆయనకు ఇంతే. ఆయన ఇంటికి రాకపోతే బాగుండు. రోజూ ఇదే కోరుకుంటాను."

కొమురయ్య తాత టిఫిన్ మూత పెట్టేశాడు. నేను డైరీ మూశాను.

"నాడు నేను గూడ గిట్లనే అనుకున్న," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆయన మీద కోపంతోని రాసిన. ఆయన్ను కాపాడనీకె రాయలే. గందుకే నమ్ముండ్రి."

ఆసామి కాసేపు గడ్డం గీరుకున్నాడు. ఆయనకు తేదీలు అర్థమయ్యాయి. కానీ ఒప్పుకోవడానికి ఒక దారి కావాలి, ఆ దారిలో ఆయనది పైచేయి కావాలి.

"సరే," అన్నాడు. "పిల్ల ఇంత చెప్తున్నది. ఓదెలూ, లోపలికి రా. అందరి ముంగట పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, తాగలేదని అను. రేపటి సంది పనికి రా."

"గది మంచిగున్నది," అన్నాడు కొమురయ్య తాత.

అందరికీ అది న్యాయంగా అనిపించింది. బాపుకు కూడా. ఆయన ముందుకొచ్చి చేయి ఎత్తాడు. ఆ చేతి నీడ నా కళ్ల మీద పడింది. నేను వెనక్కి జరిగాను.

"వద్దు బాపు."

"ఒక్క మాటనే కద బిడ్డా."

"నా నెత్తి ఇయ్య. మీరందరు నా నెత్తిని ఏమనుకున్నరు? ఈయన తూలితే నా నెత్తి. నేను పడితే నా నెత్తి. రేపు నాకు జరమొస్తే మళ్ల ఈయన తాగిండనే అంటరు. డాక్టరు చీటీ ఉన్నది. ముద్ర ఉన్నది. గది చదువుండ్రి."

నేను జీవితంలో అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

"ఐదేండ్ల కింద ఒట్టు పెట్టించింది నేనే," అంది. "ఇయ్యాల తీసేస్తున్న. నా మొగడు తాగలే. నమ్మితే పనికి వస్తడు. నమ్మకపోతే సిరిసిల్లల సాంచాలు నీ కాడనే లేవు."

ఆసామి ఆగి ఉన్న ఎనిమిది సాంచాల వైపు చూశాడు. చీటీని మడిచి అమ్మ చేతికి ఇవ్వబోయాడు. అమ్మ తీసుకోలేదు. గూట్లో మందు సీసా వైపు చేయి చూపించింది. ఆయన గొణుక్కుంటూ చీటీని సీసా కింద పెట్టాడు.

"రేపు ఏడింటికి రా," అన్నాడు బాపుతో. "ఆలస్యం చెయ్యకు."

అంతే. తప్పైందని అనలేదు. ఆ రోజు సాంచాలన్నీ ఆపించి అందరికీ వినపడేలా అన్న మాటను ఈ రోజు వెనక్కి తీసుకోలేదు. ఏమీ జరగనట్టు ఫ్లాస్కు మూత తీసి, నిండా మందు పోసి నరేశ్‌కు అందించాడు. నరేశ్ దాన్ని పట్టుకుని, నన్ను, చీటీని ఒకసారి చూసి, "నాకు దగ్గు తగ్గింది ఆసామీ," అని కింద పెట్టేశాడు.

ఆటోలో బాపు, నేను వెనక పక్కపక్కన కూర్చున్నాం. ముస్తాబాద్ దగ్గరికి వచ్చాక ఆయన అన్నాడు.

"గది గూడ చదివినవ్ బిడ్డా."

"చదవమన్నడు కద."

"మంచి పని చేసినవ్." కొంచెం ఆగి, "రాసింది కొట్టెయ్యకు. ఉండనియ్యి," అన్నాడు.

కొట్టెయ్యలేదు. ఆ పేజీ కింద, మందు పేరు, ఫ్లాస్కు మూత అని రాసి, నేను నమ్మలేదు అని కూడా రాశాను.

బాపు పనికి పోతున్నాడు. దగ్గొస్తే వేడినీళ్లు తాగుతాడు. రోజూ ఇంటికి రాగానే నేను అడుగుతాను.

"ఆసామి ఏమన్న అన్నడా?"

"ఏమంటడు. పని మంచిగ నడుస్తున్నది అన్నడు."

నేను డైరీ తీసి తేదీ వేస్తాను. తప్పైందని ఈ రోజు కూడా అనలేదు, అని రాస్తాను. నిన్నటితో నలభై రెండు రోజులు. పుస్తకంలో ఇంకా చాలా పేజీలున్నాయి.